మొండిపాచి

ఆ వేసవి అండమాన్ సముద్రం ఉడికింది. డింగీ పడవ అంచు మీంచి చెయ్యి జారిస్తే, పసిబిడ్డకి పోసేందుకు కాచిన నీళ్ళంత వేడి తగిలేది. ఉత్తరాన ఒక దీవి, దక్షిణాన ఒక దీవి అని లేకుండా పగడాల దిబ్బలన్నీ తెల్లబడిపోతున్నాయని రోజుకో కబురు వస్తోంది. తెల్లబడిన దిబ్బ దాదాపు చచ్చినట్టే. నెల్లాళ్ళు పోతే దాని మీద బూజులాంటి నాచు పడుతుంది. ఆ తర్వాత అలల దెబ్బకి కొద్దికొద్దిగా విరిగి పిండైపోతుంది.

జాలారిటిక్రీ ముందున్న దిబ్బ గతేమిటో చూడ్డానికి చోడిపల్లి పైడేశ్వరి నీళ్ళలోకి దిగింది. దిగేముందు ముఖానికి ఈత అద్దం కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకుంది. అన్న దానయ్య అది చూసి కూడా చూడనట్టు ఇంజను ఆపి లంగరు వేశాడు.

అడుగున ముందుగా ఆమెకి చప్పుడు వినపడింది. చిలకచేపలు పగడాన్ని కొరుకుతున్న పటపట. ఆ తర్వాత రంగు కనపడింది. కొమ్మల పగడాలు తేనెరంగులో, బండల్లాంటి పగడాలు లేత పచ్చగా, ఎక్కడ ఉండాల్సినవి అక్కడ ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరికి ఈదింది. బిగబట్టిన ఊపిరి అయిపోవస్తున్నా పైకి రాబుద్ధి కాలేదు.

“ఉందా, పోయిందా?” అన్నాడు దానయ్య, ఆమె తల నీటి మీదికి రాగానే.

“ఉంది అన్నియ్యా. ఒక్క కొమ్మ తెల్లబడనేదు.”

“మరెందుకే ఏడస్తన్నావు?”

“అద్దంలోకి నీళ్ళెల్లినాయి,” అంది పైడేశ్వరి.

జాలారిటిక్రీ దక్షిణ అండమాన్ తూర్పు ఒడ్డున చిన్న ఊరు. తాతల కాలంలో శ్రీకాకుళం రేవుల నుంచి ఓడెక్కి వచ్చిన జాలరి కుటుంబాలు గుట్ట వాలున ఇళ్ళు కట్టుకుంటే, పక్క ఊళ్ళ హిందీవాళ్ళు జాలర్ల గుట్ట అనే అర్థంలో ఆ పేరు పెట్టారు. ఊరి ముందు, నీటి అడుగున గోడలా పరుచుకున్న దిబ్బని వీళ్ళు పార అంటారు. పారలో చేప దొరుకుతుంది. అంతకన్నా పెద్ద సంగతి, నడిసముద్రం నుంచి లేచి వచ్చిన అల పార మీద విరిగి, నురగై, ఒడ్డుకి చేరేసరికి సాధువైపోతుంది. పార లేకపోతే ఊరు లేదు. ఆ ఊళ్ళో పుట్టి, పోర్ట్‌బ్లెయిర్‌లో చదివి, అక్కడి సముద్ర పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త అయిన పైడేశ్వరికి ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

పగడం రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో కంటికి కనపడని పాచి ఒకటి కాపురం ఉంటుంది. ఎండని వండి పగడానికి అన్నం పెట్టేదీ, రంగునిచ్చేదీ ఆ పాచే. నీళ్ళు వేడెక్కితే ఆ కాపురం చెడిపోతుంది. పగడం పాచిని కక్కేసి, తెల్లబడి, ఆకలితో చస్తుంది. పైడేశ్వరి బారెన్ దీవికి వెళ్ళి, అక్కడి అగ్నిపర్వతం కింద వేడి ఊటలు ఉబికే రాళ్ళ సందుల్లోంచి ఒక పాచిని గీకి తెచ్చింది. అది వేడికి బతుకుతుంది గానీ పగడంలోకి పోదు. దానికి పగడంలో కాపురం నేర్పడానికి ఆమెకి ఏళ్ళు పట్టింది. తొట్టెల్లో నీళ్ళు వేడిచేసి, చచ్చినదాన్ని పారబోసి, మిగిలినదాన్ని మళ్ళీ పెంచి, దాని జీవకణాల్లో పాత పాచి గుణాలు కొన్ని అతికి, చివరికి ఒకనాడు వేడి తొట్టెలో ఉన్న పగడపు ముక్క రంగు పోకుండా నిలబడింది.

ఆ సీసా చూపించడానికి ఊరికి తెచ్చినప్పుడు దానయ్య మామగారు కారి కొర్లయ్య దాన్ని ఎండకెత్తి చూశాడు. ఊళ్ళో అందరికన్నా పెద్దాయన, కబుర్ల పోగు.

“ఉడకేసినా సావదేటే?”

“సావదు మావా.”

“ఓలమ్మో! అయితే ఇది మొండిపాచి గావాల,” అన్నాడు. పరిశోధన కేంద్రంలో దానికి అంకెలూ అక్షరాలూ కలిపిన పేరు ఒకటి ఉండేది. ఆ రోజు నుంచి పైడేశ్వరి నోట ఆ పేరు రాలేదు.

చలికాలంలో మొండిపాచిని పారలోకి ఎక్కించారు. అది దానంతట అది పగడంలోకి పోదు. పగడం మీద గుడారంలా టార్పాలిన్ పట్టా కప్పి, లోపలికి పాచినీళ్ళు చిమ్మి, అవి కొట్టుకుపోకుండా ఒక పూట కాపలా కాయాలి. ఆ పట్టాలన్నీ కుట్టింది పైడేశ్వరి వదిన, కొర్లయ్య కూతురు దుర్గాలు. ఊరి ఆడవాళ్ళని కూర్చోబెట్టి, దబ్బనాలు ఇచ్చి, కుట్టు వంకర పోయినవాళ్ళని కసిరి మరీ కుట్టించింది. పరిశోధన కేంద్రం డైరెక్టర్ హాల్దార్ మాత్రం ఇంకో ఏడాది తొట్టెల్లో చూస్తే బాగుంటుందన్నాడు. “వచ్చే వేసవికి పార ఉంటే కదా సార్ చూడ్డానికి,” అంది పైడేశ్వరి. ఆయన సరేనని సంతకం పెట్టాడు.

ఇప్పుడు చుట్టుపక్కల పారలన్నీ ఎముకల్లా తెల్లగా ఉంటే జాలారిటిక్రీ పార ఒక్కటే రంగులతో నిలబడింది.

వానలు పడకముందే గంగమ్మ పండగ వచ్చింది. ఆ ఏడు ఊరు గర్వంతో పొంగిపోయింది. పండగకి మన పార చేపే వండాలని కుర్రాళ్ళు పట్టుబట్టి ఒక గోబ్రాని కొట్టుకొచ్చారు. గోబ్రా అంటే పారల సందుల్లో బతికే మచ్చల చేప. చిన్న చేపల్ని మింగి దూడంత అవుతుంది. దాన్ని దుర్గాలు కొత్త కుండల్లో పులుసు పెట్టింది. తలకాయ పెద్దాయనకి ఇవ్వడం మర్యాద కాబట్టి కూతురే తండ్రి ఆకులో వడ్డించింది. కొర్లయ్య కళ్ళు కూడా వదలకుండా జుర్రుకుని తిన్నాడు.

పైడేశ్వరి కేంద్రంలో పని తెముల్చుకుని వచ్చేసరికి కుండలు ఖాళీ అయిపోయాయి. పరమాన్నం తిని చెయ్యి కడుక్కుంటూ ఉండగా, పక్కన దుర్గాలు పెదాలు రుద్దుకోవడం చూసింది.

“ఏటి వదినా?”

“ఏటో తిమ్మిరెక్కినట్టుంది. మిరపకాయ గావాల.”

పొద్దు వాలకముందే ఊరంతా వాంతులు. దానయ్య గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. దుర్గాలు దాహమని కుండలో చెయ్యి పెట్టి కెవ్వుమంది.

“ఎవులే కుండలో మరిగిన నీళ్ళు పోసింది?”

పైడేశ్వరి ఆ కుండలోనే చెయ్యి పెట్టి చూసింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. వదిన చెయ్యి చూసింది. బొబ్బ లేదు, ఎరుపు లేదు. కానీ దుర్గాలు చేతిని గుండెలకి పొదువుకుని కాలినదానిలాగే మూలుగుతోంది. పైడేశ్వరికి చదువుకున్నది గుర్తొచ్చింది. చల్లనిది వేడిగా తోచడం పార చేపల విషానికి గుర్తు. అలాంటి విషం లోకంలో ఇంతకు ముందూ ఉంది. జాలారిటిక్రీ పారలో మాత్రం ఎన్నడూ లేదు.

పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రిలో వరండా నిండా జాలారిటిక్రీ జనమే. చాలామంది రెండు రోజులకి తేరుకున్నారు. కొర్లయ్య నాడి మాత్రం నెమ్మదించడం మొదలుపెట్టి, మందులు ఎక్కిస్తున్నా ఆగలేదు. “అలిసిపోయినాదే గుండె,” అన్నాడు పైడేశ్వరితో, అదేదో ఇంజను సంగతి చెబుతున్నట్టు. తెల్లవారేసరికి పోయాడు. ఊరికి తీసుకెళ్ళి, ఒడ్డున ఇసకమేట మీద, వాళ్ళ పెద్దల పక్కన పాతిపెట్టారు.

పాతిపెట్టిన చోటి నుంచి పైడేశ్వరి తిన్నగా కేంద్రానికి వెళ్ళింది. పారలో గీకిన పగడపు పొర, ఒక చిలకచేప కార్జం, పండగనాడు ఐసులో మిగిలిపోయిన గోబ్రా కార్జం, మూడింటినీ వేరువేరుగా నూరి, ఉప్పునీటి రొయ్యపిల్లలు ఈదుతున్న మూడు గిన్నెల్లో ఒక్కో బొట్టు వేసింది. పగడం గిన్నెలో కొన్ని రొయ్యలు మందగించాయి. చిలకచేప గిన్నెలో చాలా మునిగిపోయాయి. గోబ్రా గిన్నెలో ఆమె కళ్ళు ఆర్పేలోగా కదలిక ఆగిపోయింది. పగడంలో గోరంత, దాన్ని కొరికే చేపలో చేటంత, ఆ చేపని మింగే చేపలో కొండంత. మర్నాడు పాచిని సీసాలో వేడి చేసి చూసింది. విషం లేదు. పగడంలో ఉంచి వేడి చేసింది. విషం వచ్చింది. తొట్టెల్లో పరీక్షలు చేసిన ఇన్నేళ్ళలో చేప ఆ పగడాన్ని తింటే ఏమవుతుందో ఎవరూ చూడలేదు. ఆ విషమే మొండిపాచి పట్టుకున్న గొడుగు. వేడి పెరిగినకొద్దీ గొడుగు విప్పుతుంది. గొడుగు లాక్కుంటే వేడికి చస్తుంది.

హాల్దార్ ఆ గిన్నెలు చూసి కుర్చీలో కూలబడ్డాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు.

“చేప విషం ఏ సముద్రంలోనైనా ఉంటుంది,” అన్నాడు హిందీలో. “ఎక్కడి నుంచి వచ్చిందో మనల్ని ఎవరూ అడగలేదు కదా. ఢిల్లీ నుంచి బృందం వచ్చి చూసి వెళ్ళనీ. ఆ తర్వాత నెమ్మదిగా చెబుదాం.”

“రేపు పడవలు మళ్ళీ పార మీదికి వెళ్తాయి సార్. సాయంత్రం మళ్ళీ పొయ్యి మీద పులుసు ఉడుకుతుంది.”

“నువ్వు చెబితే ఆ పారని ఉండనివ్వరు. నిన్నూ ఉండనివ్వరు.”

“చెప్పకపోతే ఊరు ఉండదు,” అని పైడేశ్వరి లేచింది.

ఆ మధ్యాహ్నమే వలల పాక ముందు జనాన్ని పిలిచింది. ఆమె ముందుగా ఏ మాటలూ కూర్చుకోలేదు. కొర్లయ్య మావని చంపింది మొండిపాచేననీ, అది తను తెచ్చి తను పెట్టినదేననీ, ఇకమీదట పార చేప ఏదీ, చిన్నదైనా పెద్దదైనా, నోట పెట్టకూడదనీ చెప్పింది. నడిసముద్రంలో తిరిగే సూర చేపకి పారతో పని లేదు కాబట్టి దాన్ని తినొచ్చని చెప్పింది. ఎన్నేళ్ళు ఇలా అని ఎవరో అడిగారు. తెలీదంది.

దుప్పటి కప్పుకుని కూర్చున్న దుర్గాలు లేచి వచ్చింది. ఆమెకింకా గాలి తగిలినా ఒళ్ళు మండుతోంది.

“నా సేత్తో నానే వడ్డించినానే మా అయ్యకి,” అంది. “తలకాయ నానే ఏసినాను. నువ్వు తిన్నేదు. అందరం తిన్నాం, నువ్వు తిన్నేదు.”

జారిపోతున్న దుప్పటి పట్టుకోబోయిన పైడేశ్వరి చేతిని దుర్గాలు విదిలించింది.

“ఆ పార సావాల. నువ్వే తెచ్చినావు, నువ్వే సంపాల.”

“నన్నేటి సేసినా సెయ్ వదినా,” అంది పైడేశ్వరి. “పారని సంపను. ఎవుల్నీ సంపనివ్వను.”

జనం భగ్గుమన్నారు. ఇంత చేసి ఇంకా నోరెత్తుతోందన్నారు. ఒకాయన ఆమె కాళ్ళ ముందు ఉమ్మేశాడు. దానయ్య ఆమె జబ్బ పట్టుకుని గుంపులోంచి బయటికి లాక్కుపోయాడు. తన గుమ్మం దగ్గరికి వచ్చాక, లోపలికి రమ్మనలేక, పొమ్మనలేక నిలబడ్డాడు. ఆమే వెళ్ళి, ఊరి చివర ఎవరూ వాడని పాత ఐసు కొట్టులో పక్క పరుచుకుంది.

హాల్దార్ చెప్పినట్టే అయింది. పైడేశ్వరిని ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. పార మొత్తం మీద బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళు పోసి అందులో ఉన్న ప్రతి జీవినీ చంపెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. లేకపోతే ఆ పాచి మిగతా దీవులకి పాకుతుందట. అది చేత్తో ఎక్కిస్తే తప్ప ఎక్కదనీ, చుట్టుపక్కల పారల్లో ఒక్క పగడంలోనూ దొరకలేదనీ ఆమె ఐసు కొట్టులోనే పరీక్షలు చేసి చూపించింది. “ఇప్పటిదాకా నువ్వు చెప్పింది నమ్మే కదా ఇంత జరిగింది,” అన్నాడు ఒక అధికారి. ఆ మాట న్యాయమేనని ఆమెకీ అనిపించింది. అయినా మర్నాడు మళ్ళీ గిన్నెలు కడుక్కుని పరీక్షకి కూర్చుంది. ఊరు ఉత్తర్వుకి ఒప్పుకుంది. అందరికన్నా ముందు ఒప్పుకున్నది దుర్గాలు.

అప్పటికే వానాకాలం సముద్రం లేచింది. బ్లీచింగు పౌడరు తెచ్చే నావ ఆ అలల్లో రాలేదు. సముద్రం తగ్గాక వస్తామన్నారు. ఈలోగా జాలారిటిక్రీ మగవాళ్ళు వాతావరణం కాస్త తెరిపిచ్చిన రోజుల్లో సూర కోసం దూరం పోయి, అలిసి, సగం ఖాళీగా వచ్చేవారు. దానయ్య తిరిగొస్తూ ఐసు కొట్టు గుమ్మంలో ఒక చేప పెట్టి, పలకరించకుండా వెళ్ళిపోయేవాడు. పైడేశ్వరి ఆ చేపని వండుకునేది, కార్జం మాత్రం పరీక్షకి ఉంచుకునేది.

శ్రావణంలో పెద్ద పోటు వచ్చింది. పక్కనున్న కాలాఖాడీ అనే ఊళ్ళో బెంగాలీలూ, రాంచీ నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవులూ ఉంటారు. వాళ్ళ పార కొన్నేళ్ళ కిందటే తెల్లబడి, విరిగి, అడుగంటిపోయింది. ఆపేది లేని సముద్రం కొబ్బరిచెట్లని కూల్చి, ఒడ్డు వరస ఇళ్ళలోకి చొచ్చుకుపోయింది. కబురు తెలిసి జాలారిటిక్రీ ఆడవాళ్ళు గంజి కుండలు ఎత్తుకుని వెళ్ళారు. దుర్గాలు కూడా వెళ్ళింది.

అక్కడ ఆమె ఒక ముసలమ్మని చూసింది. ఆ ముసలమ్మ మోకాటి లోతు నీళ్ళలో వంగి, ఏవో ఏరి చీర కొంగులో వేసుకుంటోంది. గవ్వలేమో అనుకుంది దుర్గాలు. దగ్గరికి వెళ్తే ఎముకలు. ఒడ్డునున్న సమాధుల్ని అల తవ్వి పోసింది. “మా ఆయన,” అంది ముసలమ్మ హిందీలో, కొంగు విప్పి చూపించి. “అన్నీ దొరకలేదు.”

దుర్గాలు కుండ అక్కడే దింపి నడుచుకుంటూ ఊరికి వచ్చేసింది. తిన్నగా ఇసకమేట దగ్గరికి వెళ్ళింది. అదే సముద్రం, అదే పోటు. దూరాన పార మీద అల లేచి, విరిగి, పెళపెళమని ముక్కలైంది. ఒడ్డుకి నురగ మాత్రం వచ్చింది. కొర్లయ్య మీద కప్పిన ఇసక చెదరలేదు. ఆమె అక్కడ చాలాసేపు కూర్చుని, లేచి, ఐసు కొట్టు తలుపు తట్టింది.

పైడేశ్వరి తలుపు తీసి, లోపలికి దారి ఇస్తూ పక్కకి జరిగింది.

“అదిగో, ఆ పారే మా అయ్యని సంపింది,” అంది దుర్గాలు గుమ్మం బయటి నుంచే. “అదే మా అయ్యని కాస్తన్నాది. నాకిది అరగట్నేదే పైడమ్మా. నీమీద కోపం పోనేదు. పోదు కూడా.”

“పోవద్దులే వదినా.”

“ఆ నావ ఎప్పుడొస్తాది?”

“సముద్రం తగ్గీసినాక.”

“రానీ,” అంది దుర్గాలు. “సూద్దాం ఎలగ పోస్తారో.”

ఊరిని తిప్పింది ఆమే. ఇల్లిల్లూ తిరిగి కాలాఖాడీ సంగతి చెప్పింది. కాదన్నవాళ్ళతో, “పోయింది నా అయ్య. నానే ఊరుకున్నాక నీ బాదేటి?” అంది. దానికి ఎదురు చెప్పగలిగినవాళ్ళు లేకపోయారు. చేప తినడానికి పనికిరాని పార ఎందుకని ఒక మగాయన అంటే, “పాలు ఎండిపోయినాయని తల్లిని సంపీస్తావేట్రా?” అని గయ్యిమంది. దానయ్య ఆ పూట చెల్లెలి దగ్గరికి వచ్చి, ఐసు కొట్టు కప్పుకి కారుతున్న చోట పట్టా వేసి వెళ్ళాడు.

దసరా వెళ్ళాక సముద్రం అద్దంలా అయింది. ఒక పొద్దున్న నావ వచ్చింది. దాని మీద పీపాలు, పొడవాటి గొట్టాలు, ముక్కులకి గుడ్డలు కట్టుకున్న పనివాళ్ళు. ముందు భాగంలో ఒక అధికారి, ఆయన పక్కన హాల్దార్.

జాలారిటిక్రీ డింగీలన్నీ అప్పటికే పార చుట్టూ కాచుకుని ఉన్నాయి. వాటిలో ఆడవాళ్ళున్నారు, ముసలివాళ్ళున్నారు. నావ దగ్గర పడగానే ఒక్కొక్కరే నీళ్ళలోకి దిగడం మొదలుపెట్టారు. దుర్గాలు డింగీ అంచు పట్టుకుంది. ఇన్ని నెలలైనా ఆమెకి చల్లనీళ్ళు నిప్పులాగే తగులుతున్నాయి. స్నానానికి కూడా వేడినీళ్ళే పోసుకుంటోంది.

“వద్దు వదినా, నువ్వు పైనుండు. మండతాది,” అంది పైడేశ్వరి.

“మండనీ,” అని దుర్గాలు దూకింది. పళ్ళు బిగబట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఒడ్డు వైపు చూడలేదు. పైడేశ్వరి ఆమె పక్కనే దూకి నడుం పట్టుకుంది. దుర్గాలు చెయ్యి తోసెయ్యలేదు.

అధికారి మైకు తీశాడు. ఆ నీళ్ళలో విషం ఉందనీ, ఒక మనిషి చచ్చిపోయాడనీ, ఇంకెవరూ చావకూడదనే తాము వచ్చామనీ హిందీలో చెప్పాడు. అబద్ధమేమీ చెప్పలేదు.

“చచ్చిపోయింది మా నాన్న,” అని అరిచింది దుర్గాలు, చేపల బజారులో నేర్చుకున్న హిందీలో. “ఇక్కడి చేప తినకూడదని మాకు తెలుసు. ఇది తెలిసిన విషం. ఈ గోడ పడిపోతే వచ్చే సముద్రానికి మందేదైనా ఉందా నీ పీపాల్లో?”

అధికారి గొట్టాలు విప్పమని చెయ్యి ఊపాడు. పనివాళ్ళు కదల్లేదు. నీళ్ళలో తలలు తేలుతున్నాయి. ముసలివాళ్ళ తలలు, పసుపు రాసుకున్న ఆడవాళ్ళ ముఖాలు. అధికారి హాల్దార్ వైపు తిరిగి కాగితం చాపాడు. మందు పోయించడానికి పరిశోధన కేంద్రం తరఫున ఆయన సంతకం కావాలి.

పైడేశ్వరి నీళ్ళలోంచి ఆయన్ని చూసింది. ఆయన కలం మూత తీసి, మళ్ళీ బిగించి, జేబులో పెట్టుకున్నాడు.

“మనుషులున్న నీళ్ళలో పొయ్యడానికి నేను సంతకం చెయ్యను,” అన్నాడు. “పగడమున్న నీళ్ళలో ఆ పాచి పొయ్యడానికి చేసినందుకే నాకు నిద్ర లేదు.”

పోటు నీరు వెనక్కి తియ్యడం మొదలైంది. ఇంకాసేపు ఉంటే నావ అడుగు పారకి రాసుకుంటుందని నావ నడిపేవాడు గొణిగాడు. నావ వెనక్కి తిరిగింది. డింగీల్లోంచి కేకలు లేచాయి. ఎవరో గంగమ్మకి జై కొట్టారు. దుర్గాలుని ఇద్దరు పట్టి పైకి లాగాల్సి వచ్చింది. ఒళ్ళంతా కందిపోయినట్టు వణుకుతూనే, వెళ్ళిపోతున్న నావని చూసి శాపనార్థాలు పెట్టింది.

ఆ తర్వాత ఊరు కోర్టుకి వెళ్ళింది. తేలేదాకా పారని ముట్టుకోవద్దని కోర్టు చెప్పింది. పైడేశ్వరిని మాత్రం ఉద్యోగంలోంచి పూర్తిగా తీసేశారు. ఆమె మీద రెండు కేసులు పెట్టారు. ఒకటి కొర్లయ్య చావుకి, ఒకటి ప్రభుత్వ పనికి అడ్డుపడినందుకు. మొదటిదానికి ఆమె వకీలుని పెట్టుకోలేదు. మొండిపాచి తాలూకు సీసాలన్నీ పరిశోధన కేంద్రం కాల్చేసింది. ఇక లోకంలో ఆ పాచి ఉన్నది జాలారిటిక్రీ పారలోనే.

చలిగాలులు మొదలైన రోజుల్లో ఉత్తరాన మాయాబందర్ వైపు నుంచి ఒక పడవ వచ్చింది. అందులో తాతల కాలంలో బర్మా నుంచి వచ్చి స్థిరపడిన కారెన్ జాతివాళ్ళు ముగ్గురు. పెద్దాయన పేరు సా బెంజమిన్. మొన్నటి వేసవికి తమ పార సగం తెల్లబడిందనీ, వచ్చే వేసవికి మిగతా సగం పోతుందనీ చెప్పి, ఆ పాచి ఇవ్వమని అడిగాడు.

“దాని సంగతి తెలిసే అడుగుతున్నారా?” అంది పైడేశ్వరి.

“విన్నాం.”

“వింటే చాలదు,” అని వాళ్ళని అన్న ఇంటికి తీసుకెళ్ళింది.

దుర్గాలు వాకిట్లో సూర చేపలు కోస్తోంది. చల్లని చేప తగలకుండా చేతికి దళసరి గుడ్డ చుట్టుకుంది. సంగతి విని కత్తి పక్కన పెట్టింది. కూర్చోమని చెప్పి, తన హిందీలో మొదలుపెట్టింది. తండ్రి ఆకులో తలకాయ ఎలా వడ్డించిందో చెప్పింది. కుండలో చెయ్యి పెడితే ఎలా ఉందో చెప్పింది. ఇప్పటికీ వానలో తడవలేనని చెప్పింది. పార పక్కనే ఉంటుంది, చేప కళ్ళ ముందే తిరుగుతుంది, మీ పిల్లలు గాలం వేస్తామంటారు, మీరు కొట్టి మరీ ఆపాలి, ఎన్నేళ్ళో ఎవరికీ తెలీదు అని చెప్పింది. ఏదీ తగ్గించి చెప్పలేదు.

చిన్నవాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి బెంజమిన్, “మా తాతలు అడవి కొట్టి కట్టుకున్న ఊరమ్మా,” అన్నాడు. “చేప కోసం దూరం పోతాం. ఊరిని దూరం మొయ్యలేం కదా.”

దుర్గాలు కత్తి మళ్ళీ తీసుకుంది. పైడేశ్వరి వైపు చూడకుండానే, “ఇచ్చీ,” అంది.

దానయ్య గుమ్మంలో నిలబడి వింటున్నాడు. “పారలో కొమ్మ ముట్టుకుంటే జైల్లో పెడతామన్నారే నిన్ను,” అన్నాడు. “ఇప్పటికే రెండు కేసులున్నాయి.”

“మూడోది రానీ అన్నియ్యా.”

ఆయన తల పట్టుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి, ఆమె అద్దమూ ఊపిరి గొట్టమూ తెచ్చి చేతికిచ్చి, డింగీ నీళ్ళలోకి తోశాడు. పైడేశ్వరి పార మీద దిగి, బాగా నిలదొక్కుకున్న ఒక గుబురు నుంచి చిటికెన వేలంత కొమ్మలు కొన్ని తుంచింది. వాటిని నీళ్ళ పీపాలో సర్ది, తడిబట్టలతోనే కారెన్ వాళ్ళ పడవలోకి ఎక్కింది. కొమ్మలోంచి పాచి తియ్యడం, పెంచడం, ఎక్కించడం వాళ్ళకి ఆమె దగ్గరుండి నేర్పాలి. ఒడ్డు మీంచి దుర్గాలు, పట్టాల కుట్టు దగ్గర ఆడవాళ్ళని ఏమరనివ్వొద్దని అరిచి చెప్పింది.

బెంజమిన్ ఇంజను తాడు లాగాడు. పైడేశ్వరి పీపాని మోకాళ్ళ మధ్య కదలకుండా పట్టుకుని, జుట్టు పిండుకుంటూ అడిగింది.

“మీ పార దగ్గర నీళ్ళు ఎంత లోతు?”